మేఘ సలహాదారు

పళ్ళ డాక్టరు సుదర్శనం ఏడాది పొడుగునా రాజమండ్రిలో జనం నోళ్ళలోకి చూస్తాడు. ఏడాదికి ఒక్కసారి, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే రోజుల్లో, క్లినిక్కుకి తాళం పెట్టి సముద్రపు ఒడ్డుకు పోయి ఆకాశంలోకి చూస్తాడు. అక్కడ మబ్బుల ఫోటోలు తీస్తాడు. కొందరికి పేకాట, కొందరికి భజన, ఆయనకు మబ్బులు. పెళ్ళయిన కొత్తలో భార్య వకుళ కూడా వెంట వెళ్ళింది. మూడు రోజులు ఆకాశం చూసేసరికి ఆవిడకు మెడ పట్టేసింది. పైనున్నవన్నీ పైకి పోయాక ఎలాగూ చూస్తాం, నాకంత తొందర లేదు అనేసి తిరుగు బస్సెక్కింది.

ఈ పిచ్చి ఆయనొక్కడిదే అయితే ఈ కథ లేదు. ఆ ఏడు ఏం గాలి వీచిందో, అందరికీ ఒక్కసారే మబ్బుల మీద మోజు పుట్టింది. మేడ మీద ఆరేసిన బట్టలు తడిసి ముద్దవుతున్నా తల ఎత్తి చూడనివాళ్ళు సొరకాయంత కెమెరాలు కొనుక్కుని, తుపాను ఎటు తిరిగితే అటు కార్లు తిప్పడం మొదలుపెట్టారు. తీరం కాస్త అందంగా ఉండి, లాడ్జీ ఒకటి ఉన్న ప్రతి ఊరికీ ఈ జనం దిగారు. గవ్వలరేవుకి మరీ ఎక్కువగా దిగారు. ఎందుకంటే అక్కడ మబ్బుతో పాటు లైట్‌హౌస్ కూడా ఉంది.

గవ్వలరేవు చేపలవాళ్ళ ఊరు. రేవుకు రెండు పక్కలా సముద్రంలోకి రాళ్ళు చొచ్చుకుపోయి ఉంటాయి. తెల్లారగట్ల వేటకు పోయిన పడవలు మసక చీకట్లో తిరిగొస్తాయి. అప్పుడు ఆ రాళ్ళ మధ్య దారి చూపించేది గుట్ట మీది లైట్‌హౌస్ ఒక్కటే. సుదర్శనం ఎప్పుడూ దిగేది నూకాలమ్మ ఇంటి ముందుగదిలో. ఆవిడ మొగుడు ఎల్లాజీ వేటకు పోతాడు. మొగుడి పడవ తీరానికి తగిలేదాకా నూకాలమ్మ పొయ్యి మీద కూర పెట్టదు, సుదర్శనానికి భోజనం పెట్టదు. అందువల్ల ఎల్లాజీ క్షేమంగా రావడం మీద ఆయనకు కూడా మొదటినుంచీ శ్రద్ధ ఉంది.

ఆ రోజు సాయంత్రం లైట్‌హౌస్ పక్కన ఒక మబ్బు లేచింది. అచ్చం కింది దవడ పన్ను. అడుగున రెండు వేళ్ళతో, మధ్యలో చిన్న పుచ్చుతో సహా ఉంది. సుదర్శనం ఆనందంతో ఒణికిపోయి ఫోటో తీశాడు. వెంటనే వెనక నుంచి విజిల్ వినిపించింది.

విజిల్ వేసినవాడు గార్డు సింహాచలం. నూకాలమ్మకు స్వయానా తమ్ముడు. పొద్దున్నే అక్క ఇంట్లో టీ తాగి వచ్చి, ఆవిడ ఇంట్లో దిగినవాళ్ళనే పట్టుకోవడం అతని ఉద్యోగం. దీపస్తంభం ఛాయాచిత్రములు తీయరాదని గుట్ట కింద బోర్డు ఉంది. ఏ యుద్ధం రోజుల్లో పెట్టారో, యుద్ధం ఎప్పుడు అయిపోయిందో బోర్డుకు ఎవరూ చెప్పలేదు. ఈమధ్యనే లైట్‌హౌస్ తీరప్రాంత దర్శనీయ స్థలాల సంరక్షణ మండలి చేతికొచ్చింది. మండలి దానితో పాటు బోర్డును కూడా స్వాధీనం చేసుకుని కొత్త రంగు వేయించింది.

సింహాచలం మర్యాదగానే ఆయన్ని మండలి కార్యనిర్వాహక అధికారి తటవర్తి భుజంగరావు గారి ముందుకు తీసుకెళ్ళాడు. భుజంగరావు గారు నిలబడితే తీర్మానంలా, కూర్చుంటే సవరణలా ఉంటారు. ఫోటో చూశారు. మూలన వేలెడంత లైట్‌హౌస్ కనిపించింది.

"ఇది రహస్య కట్టడం అండీ," అన్నారు.

"అంత ఎత్తున, ఊరందరికీ కనిపిస్తూనే ఉంది కదండీ."

"ఎత్తుగా ఉండటం దాని నిర్మాణ లోపం. రహస్యంగా ఉండటం మండలి విధానం. రెండూ కలపకండి."

తాను తీసింది మబ్బునని, లైట్‌హౌస్ దానంతటదే వచ్చి నిలబడిందని సుదర్శనం చెప్పుకున్నాడు. సదరు కట్టడం కదలదు గనక అది వచ్చి నిలబడే ప్రశ్నే ఉత్పన్నం కాదని ఆయన సెలవిచ్చారు. సుదర్శనానికి ఒళ్ళు మండింది. పంటి నొప్పితో వచ్చినవాడు నోరు తెరవనంటే వచ్చే కోపం అది.

"అయితే మబ్బుల్నయినా పక్కకు జరపండి, లైట్‌హౌస్‌నయినా కనపడకుండా దాచండి," అన్నాడు.

భుజంగరావు గారి కలం ఆగింది. ఆయన కిటికీలోంచి చాలాసేపు ఆకాశం చూశారు.

"మొదటిది మా పరిధిలో లేదు," అన్నారు నెమ్మదిగా.

వారం తిరక్కుండా లైట్‌హౌస్ నడుమంతా ఆకుపచ్చ గుడ్డ చుట్టుకుంది. దీపం మాత్రం పైన వదిలారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉందని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు గానీ, ఆ మాట మండలికి దరఖాస్తు రూపంలో రాలేదు గనక పరిశీలనకు నోచుకోలేదు. గుడ్డ చుట్టేదాకా లైట్‌హౌస్ వైపు చూడనివాళ్ళు కూడా, లోపలేదో కడుతున్నారని చూడటానికి వచ్చారు. లోపల వెంకన్న విగ్రహం లేస్తోందని ఒకరు, ఏదో క్షిపణి దాచారని ఒకరు. మొక్కజొన్న పొత్తులవాళ్ళు, రంగులరాట్నంవాళ్ళు దిగారు. సింహాచలానికి విజిల్ ఊదీ ఊదీ బుగ్గలు వాచి, సుదర్శనం చేత చూపించుకున్నాడు.

దాచినది దాచినట్టు తెలియకూడదని అప్పుడు మండలికి తోచింది. లైట్‌హౌస్‌కి ఆకాశం రంగు వేస్తే అది ఆకాశంలో కలిసిపోతుంది, చూడటానికేమీ ఉండదు. తీర్మానం ఏకగ్రీవంగా అయింది. తరవాత ఆకాశం ఏ రంగు అన్న దగ్గర ఆగింది. నీలం అని కొందరు. మనకు ఫోటోలు తీసేవాళ్ళు వచ్చేది మబ్బు పట్టినప్పుడు కాబట్టి బూడిద రంగు అని కొందరు. ఆకాశానికి అసలు రంగే లేదని ఎక్కడో చదివిన సభ్యుడొకడు, రంగు లేని రంగుకు టెండరు పిలవమన్నాడు. విషయ నిపుణుడు లేకుండా తేలదని భుజంగరావు గారు నేరస్థుణ్ణే పిలిపించారు. మబ్బుల గురించి అంత తెలిసినవాడు ఇంకెవరున్నారు? ఆ రోజు పట్టుకున్న కెమెరా సుదర్శనానికి తిరిగిచ్చి, గౌరవ మేఘ సలహాదారుగా నియమించారు.

ఇక్కడ దాపరికం ఎందుకు, సుదర్శనానికి సంతోషమే కలిగింది. ఇరవై ఏళ్ళ నుంచి తీసిన మబ్బుల్ని ఇంట్లో ఎవరూ రెండోసారి చూడలేదు. ఇక్కడ పెద్ద బల్ల చుట్టూ పదిమంది కూర్చుని, ఒక్కో మబ్బునూ నెత్తిన పెట్టుకుని చూశారు. ఆయన పేరుతో కుర్చీ వేశారు. శని ఆదివారాలు క్లినిక్కు మూతపడింది. వకుళ ఫోను చేసి, ఇక్కడ జనం బుగ్గలు పట్టుకుని గుమ్మంలో కూర్చున్నారు, మబ్బులకు పళ్ళు లేవు, మీకు బుద్ధి లేదు అంది. ఆయన సమావేశంలో ఉన్నానని చెప్పి పెట్టేశాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట నిజంగా అనగలిగాడు.

వినాయక చవితి పందిళ్ళకు తెరలు వేసే పెయింటరు ఒకాయన వచ్చి, సుదర్శనం ఫోటోలు ముందు పెట్టుకుని, గుడ్డ తీసేసిన లైట్‌హౌస్‌కి అడుగు నుంచి పైదాకా మబ్బులు వేశాడు. నడి భాగంలో దవడ పన్ను మబ్బు కూడా పడింది. ఆ పని ఎంత గొప్పగా కుదిరిందంటే, ప్రారంభోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి లైట్‌హౌస్‌కి ఎదురుగా నిలబడి, ఎక్కడుందండీ అని అడిగారు. భుజంగరావు గారి కళ్ళు చెమర్చాయి. రిబ్బను ఎక్కడ కట్టారో కట్టినవాళ్ళకే దొరక్క, చివరకు సింహాచలం గోడ తడుముకుంటూ పోయి పట్టుకున్నాడు.

ఆ రాత్రి నూకాలమ్మ అన్నం వడ్డిస్తూ, పగటిపూట మాఓళ్ళకి గుట్ట ఆనవాలు దొరకట్లేదట డాట్రుబాబూ అంది. రాత్రి దీపం ఉంది కదమ్మా అన్నాడు సుదర్శనం. అవున్లే, అదుందికదా అని ఆవిడ చారు పోసింది.

అదీ ఎక్కువ కాలం ఉండలేదు. మబ్బులవాళ్ళు ఊరుకున్నారా? పగలు కనపడనిది రాత్రి వెలుగుతోందని కనిపెట్టి, దీపం చుట్టూ మూగారు. నల్ల మబ్బు కిందుగా తిరిగే వెలుగు తీస్తే ఆ ఫోటోకి ఉన్న అందం వేరు మరి. మండలి అత్యవసరంగా కూర్చుంది. దీపం ఆర్పేద్దామని ఒక సభ్యుడన్నాడు. భుజంగరావు గారికి కోపం వచ్చింది.

"దీపం వెలిగించడం మన చట్టబద్ధమైన విధి. ఒక్క రాత్రి కూడా ఆరడానికి వీల్లేదు," అన్నారు. "అది కనిపించాలని మాత్రం ఎక్కడా లేదు."

దీపం గది అద్దాలకు బయట నుంచి ఇనుప రేకులు బిగించాలని తేలింది. మరి చేపలవాళ్ళ సంగతేమిటని సుదర్శనం అడిగాడు. అడిగాడు, నిజమే. వాళ్ళకు గుర్తింపు కార్డులు ఇస్తామని, కార్డు చూపిన వారికి దీపస్తంభం ఏ దిక్కున ఉన్నదీ కార్యాలయ వేళల్లో తెలియజేయబడునని జవాబు వచ్చింది. ఆయన ఇంకో మాట అనబోయాడు. సరిగ్గా అప్పుడే భుజంగరావు గారు మండలి కొత్త క్యాలెండరు మీద దవడ పన్ను మబ్బు వేయాలని ప్రతిపాదించారు. సుదర్శనం నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. ఎంతోమంది నోళ్ళు తెరిపించినవాడు, తన నోరు తెరవాల్సిన చోట మూసుకున్నాడు.

రేకులు బిగించిన నాలుగు రోజులకు వాయుగుండం పుట్టింది. ఒరిస్సా వైపు పోతుందన్నారు. పోతుందన్నారు కదా అని పడవలు తెల్లారగట్ల వేటకు వెళ్ళాయి. మధ్యాహ్నానికి అది మనసు మార్చుకుంది. దానికి మండలి అనుమతి అక్కర్లేదు మరి. కబురు తెలిసిన మబ్బులవాళ్ళు వరసగా కార్లలో దిగారు. సాయంత్రానికి రేవు జనంతో నిండిపోయింది.

తూర్పున లేచిన మబ్బు లాంటిది సుదర్శనం ఇరవై ఏళ్ళలో చూడలేదు. కింద కాటుక, పైన ఉడుకుతున్న పాల నురగ. ఆయన కెమెరా ఎత్తి, అలవాటు కొద్దీ ఒక మూలన లైట్‌హౌస్ వచ్చేలా జరిపాడు. రాలేదు. ఇటు జరిపాడు, అటు జరిపాడు. తాను దగ్గరుండి రంగులు చెప్పి వేయించిన కట్టడం, ఇంత దగ్గర్లో నిలబడ్డ తనకే దొరకలేదు.

పక్కన నూకాలమ్మ నిలబడి ఉంది. ఏడవడం లేదు. సముద్రం వైపే చూస్తోంది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ అలాగే నిలబడి ఉన్నారు.

"ఆ మబ్బు బాగుందేటి డాట్రుబాబూ?" అంది.

సుదర్శనం సిగ్గుతో కెమెరా దించేశాడు. మండలి ఆఫీసుకి పరుగెత్తాడు. రేకులు విప్పించండి, పడవలు బయట ఉన్నాయి అని చేతులు పట్టుకున్నాడు. భుజంగరావు గారు చెడ్డవారు కాదు, ఆయనకీ కంగారుగానే ఉంది. కానీ ఏకగ్రీవంగా బిగించిన రేకుల్ని ఒక్కరే విప్పడం ఎలాగో ఆయనకు తెలియదు. పైగా ఈ పూటే ఊళ్ళో కెమెరాలు ఎప్పుడూ లేనన్ని ఉన్నాయి, ఈ పూటే విప్పితే ఇన్నాళ్ళ శ్రమ ఏమవుతుంది అన్నారు. సభ్యులకు కబురు పంపాను, గాలి తగ్గగానే వస్తారు అని కూడా అన్నారు.

సుదర్శనం గుట్ట మీదకు వచ్చాడు. సింహాచలం అక్కడే ఉన్నాడు, రేకుల వైపు చూస్తూ. ఈదురు గాలిలో పైకెక్కి విప్పబోయి, నిచ్చెన విరిగి కిందపడి, మోచెయ్యి చీరుకున్నాడు. పడవలో ఉన్నది అతని బావ. కింద ఒడ్డు మీద మసక చీకట్లో ఒక ఫ్లాష్ మెరిసింది. ఎవడో మబ్బుకి ఫ్లాష్ కొట్టాడు. మామూలు రోజయితే సుదర్శనం అలాంటివాణ్ణి చూసి నవ్వేవాడు. మబ్బుకి ఫ్లాష్ కొట్టడమంటే సముద్రానికి ఉప్పు వేయడం. ఇప్పుడు ఆయన నవ్వలేదు.

"సింహాచలం, విజిల్ ఉందా?"

"ఉందండి."

"ఊదు. ఈ గుట్ట మీద నుంచి సముద్రం వైపు ఫోటో తీయకూడదని కేకెయ్యి."

సింహాచలం విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. అంతే. అతను ఇన్నాళ్ళూ ఊదినదంతా జీతానికి, ఇప్పుడు ఊదింది బావకి. గుట్ట మీద నుంచి ఫోటోలు తీయడం గట్టిగా నిషేధం, ఫ్లాష్ వేస్తే ఇంకా నిషేధం అని గొంతు చించుకున్నాడు. ఒడ్డు మీద జనం అంతా ఒక్కసారి తల తిప్పారు. అక్కడేదో ఉంది, లేకపోతే వద్దంటారా? అందరూ గుట్ట ఎక్కేశారు. ముందువాడి భుజం మీద వెనకవాడు, చెట్టు కొమ్మ మీద ఒకడు, అందరూ సముద్రం వైపు కెమెరాలు పెట్టి ఫ్లాష్ మీద ఫ్లాష్. సింహాచలం కొంచెం నెమ్మదించినప్పుడల్లా వాళ్ళూ నెమ్మదించారు. సుదర్శనం అతని వీపు తట్టాడు. మళ్ళీ ఊదాడు. మళ్ళీ మెరిసింది గుట్ట.

మొదటి పడవ రాళ్ళ మధ్య నుంచి లోపలికి వచ్చింది. తరవాత ఇంకోటి. ఎల్లాజీ పడవ చిట్టచివరికి వచ్చింది. తడిసిన కోడిపుంజులా దిగి, లైటౌసుకి పిచ్చెక్కిందేటి, ఎలాబడితే అలా కొట్టుకుంటంది అన్నాడు. నూకాలమ్మ అతన్ని రెండు మాటలు తిట్టి, పొయ్యి వెలిగించడానికి ఇంటికి పోయింది. సుదర్శనం ఇసకలో కూలబడి ఏడ్చాడు. కెమెరాలో ఆ మబ్బు ఒక్కటి కూడా లేదు.

గాలి తగ్గాక సభ్యులు వచ్చారు. మండలి విచారణ జరిపింది. భుజంగరావు గారు నివేదిక చదివారు. సదరు సాయంత్రం దీపస్తంభం కనిపించలేదు. అయినా పడవలన్నీ క్షేమంగా తిరిగి వచ్చినవి. కావున పడవల రాకకు దీపస్తంభం అవసరం లేదని రుజువైనది. అవసరం లేని కట్టడాన్ని రహస్యంగా కాపాడటం వృథా వ్యయం గనక, దాన్ని తొలగించడానికి అనుమతి కోరుతున్నాం. బల్ల మీద చప్పట్లు మోగాయి.

కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది సుదర్శనం పని. అరవాలని లేచాడు. కానీ ఇన్నాళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నందుకు ఆయనకొక సంగతి అర్థమైంది. ఇక్కడ మనుషులు మునుగుతారంటే అది పరిధిలో లేదంటారు. అందుకని గొంతు సవరించుకున్నాడు.

"తొలగింపును సలహాదారుగా పూర్తిగా బలపరుస్తున్నాను," అన్నాడు. "ఒక్కటే సాంకేతిక ఇబ్బంది. నావికుల పటాలన్నిటిలోనూ ఇక్కడ దీపస్తంభం ఉన్నట్టుంది. లేదని మనం తెలియజేయకపోతే, దాన్ని నమ్ముకుని వచ్చి రాళ్ళకు కొట్టుకున్న ప్రతి నౌకకూ మండలి సభ్యులు వ్యక్తిగతంగా బాధ్యులవుతారు. కావున సదరు స్థలంలో దీపస్తంభం లేదన్న సంగతి పగలూ రాత్రీ దూరానికి కనిపించేలా, ఒక ఎత్తయిన హెచ్చరిక స్తంభం, దాని మీద ఒక తిరిగే దీపం పెట్టడం తప్పనిసరి."

వ్యక్తిగతంగా అన్న మాట దగ్గరే సభ్యులు కుర్చీల్లో ముందుకు జరిగారు. ఎంత ఎత్తుండాలని ఒక సభ్యుడు అడిగాడు.

"లేని స్తంభం ఎంత ఎత్తో అంత."

భుజంగరావు గారికి ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో చెప్పడం కష్టం. కొత్తది కట్టేలోగా బాధ్యత ఆగదు గనక, పాత కట్టడాన్ని కాగితం మీద తొలగించి, అదే చోట ఉన్న ఖాళీ కట్టడాన్ని హెచ్చరిక స్తంభంగా వాడుకోవచ్చునని ఆయనే సవరణ పెట్టారు. దూరానికి తెలియాలి కాబట్టి దానికి నలుపు తెలుపు పట్టీలు వేయాలన్నారు. హెచ్చరిక ఎంతమందికి చేరితే అంత మేలు గనక, ఫోటోలు తీసి నలుగురికీ పంపవలసిందిగా ప్రజలను కోరాలన్నారు. ఏకగ్రీవంగా అయింది. దవడ పన్ను మీద నల్ల పట్టీ పడింది. సుదర్శనమే దగ్గరుండి వేయించాడు.

రేకులు విప్పిన సాయంత్రం వెలుగు గుట్ట మీద నుంచి సముద్రం మీదికి తిరిగింది. పడవలు ఒకటొకటే లోపలికి వస్తున్నాయి. నూకాలమ్మ చేపల గంప దింపుకుని, మళ్ళీ పెట్టేరేటి బాబూ లైటౌసు అంది. లైట్‌హౌస్ కాదమ్మా అని సుదర్శనం మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. లైట్‌హౌస్‌ని తీసేశారు. ఇది లైట్‌హౌస్ లేదని చెప్పే దీపం. నూకాలమ్మ అంతా ఓపిగ్గా విన్నది. ఎల్లాజీ పడవ ఇసక మీదికి ఎక్కేదాకా చూసింది.

"మాఓళ్ళు దాన్ని లైటౌసనే అంటారు బాబూ," అంది. "ఆఫీసులో సెప్పకండి."